వంగినప్పటి కొలత

పొట్టిదా, పొడుగుదా? రైలు ఇంకా బందరు స్టేషన్లోంచి కదలనే లేదు, నాగమల్లేశ్వరి మనసు మాత్రం ఆ రెండు వీపుసంచుల మధ్య అప్పటికే పదిసార్లు వెళ్ళొచ్చింది. ఫోనులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే నారింజ రంగు, గుండె మీదికి వచ్చే ఒకే పట్టీ, నడుం చుట్టూ బిగించే అదే వెడల్పు పట్టీ, వీపుకి ఆనుకునేచోట లోపల అదే పలక. ఆ పలక వేలితో నొక్కితే కోవాలా మెత్తగా ఉంటుందట, దెబ్బ తగిలిన క్షణంలో మాత్రం బిగుసుకుపోయి ఆ దెబ్బని తనే మింగేస్తుందట. మంచు మీద జారే ఆటలకీ, కొండల్లో సైకిలు తొక్కేవాళ్ళకీ అని రాశారు. తేడా అంతా పొడవులోనే ఉంది. చిన్న సైజు నలభై రెండు నుంచి నలభై ఎనిమిది సెంటీమీటర్ల వెన్నుకి, పెద్దది నలభై ఆరు నుంచి యాభై రెండుకి. పొట్టిదైతే నడుం దగ్గర కాస్త వెన్ను బయటే ఉండిపోతుంది, పొడుగుదైతే తల పైకెత్తినప్పుడు హెల్మెట్ అంచు పలకకి కొట్టుకుంటుంది. కింద ఎర్ర అంకెలు తరిగిపోతున్నాయి. ఇంకో గంటా మూడు నిమిషాల్లోపు ఆర్డరు పెడితే శుక్రవారానికి గుడివాడ చేరుతుంది. శనివారమే మంచుకొండలకి ప్రయాణం. గంటా మూడు నిమిషాలంటే దాదాపు ఈ రైలు గుడివాడ చేరేంతసేపు. రైలు కూడా ఆ సంగతి తెలిసినట్టే ఒక్కసారి కూత వేసి నెమ్మదిగా కదిలింది, కిటికీ పక్కన కూర్చున్నందుకు ఆమెకి ఊరికే సంతోషం వేసింది, పెళ్ళయిన ఈ ఇరవై ఆరు రోజుల్లో ప్రతిదానికీ ఊరికే సంతోషం వేస్తూనే ఉంది.

ఎంపిక నీది, వీపు నాది, అన్నాడు వరుణ్. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వీపు నాదట! ఆవేళ అతని పాత సంచి తీసి చూసింది ఆమె. గాలి కొట్టే పంపు, ఇనప తాళం, స్టీలు నీళ్ళసీసా, పానాలు, అన్నీ సరిగ్గా వెన్ను మీదికి వచ్చేటట్టు సర్ది ఉన్నాయి. వీటితో వెల్లకిలా పడితే ఏమవుతుందోనని అడిగితే, పడకుండా తొక్కడమే నా విద్య అని నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం అతను మొదటిసారి చూశాడు కాబోలు, సరే నువ్వు ఏది కొంటే అది వేసుకుంటాను అని మాటిచ్చాడు. నాలుగు రోజులు మంచు మీద జారడం నేర్పుతారట, తర్వాత రెండు రోజులు దిగువ లోయలో సైకిళ్ళట. కొండంటే ఏమిటో తెలియని ఊళ్ళవాళ్ళు ఇద్దరూ. దివిసీమ మొత్తం మీద ఎక్కడానికి కృష్ణ కరకట్ట తప్ప ఎత్తయినది లేదు, పులిగడ్డ వంతెన ఎక్కితే ఆకాశానికి ఎక్కినట్టు. నాగాయలంకలో పుట్టిన వరుణ్ ఆ కరకట్ట వాలులోనే కొండ సైకిలు నేర్చుకున్నాడు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, గేదెలు కాసేవాళ్ళు ఈ పిల్లాడికి ఏమైందని వాళ్ళమ్మకి కబురు పెట్టేటంతగా. ఇప్పుడు గుడివాడలో చేపల మేత కంపెనీలో ఉద్యోగం, ముదినేపల్లి బంటుమిల్లి చెరువుగట్లన్నీ ఆ సైకిలు మీదే తిరుగుతాడు. పెళ్ళిచూపులకి కూడా దాని మీదే వచ్చాడు, తల్లిదండ్రులు కారులో వెనక, తను ముందు, చొక్కా వీపుకి అంటుకుపోయి. ఆ వీపుని ఆమె తలుపు చాటునుంచి చూసింది. ముఖం తర్వాత చూసింది. ఈ సంగతి అతనికి ఇంకా చెప్పలేదు, చెబితే ఎన్నాళ్ళు ఆట పట్టిస్తాడో.

చిలకలపూడి వచ్చింది, వెళ్ళిపోయింది. హ్యాండుబ్యాగులోంచి చున్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆకుపచ్చ చున్నీ, రెండు ముడులున్న చున్నీ. మొన్న ఆదివారం భోజనమయ్యాక వరుణ్ బోర్లా పడుకుని నిద్రపోతుంటే, మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక దగ్గర ఒక కొస పట్టి, తుంటి ఎముకల వరస దాకా లాగి, రెండు చోట్లా ముడేసింది. అలా కొలవాలని ఆ కంపెనీవాళ్ళే బొమ్మ వేసి చూపించారు. చక్కిలిగింత పుట్టి అతను నిద్రలోనే భుజం ఎగరేశాడు, ఆమె ఊపిరి బిగపట్టింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయి నవ్వుకుంది. పుట్టింట్లో టేపు పెట్టి కొలుచుకోవచ్చులే అనుకుంటే పుట్టింట్లో టేపు దొరకలేదు, తను బందరులో ఉన్న మూడు రోజులూ అమ్మ వేరే హడావుడిలో పడింది. మంచులో తిరగడానికి వెళ్తున్నారని చెప్పగానే తల్లి దుర్గ రెండు కోతిటోపీలు, శొంఠిపొడి, తలకి రాసుకునే మందు మూటగట్టింది. ఆవిడ ఎరిగిన మంచు మార్గశిరంలో తెల్లారగట్ల చూరు మీద కురిసేది, పడిశం పట్టించేది. పగలంతా ఉంటుందమ్మా ఆ మంచు, మోకాలి లోతు ఉంటుంది అని కూతురు చెబితే, మోకాలి లోతు మంచులో మీకేం పనే అని అడిగింది. జవాబు ఏమని చెప్పాలి? జారడానికమ్మా. ఎందుకు జారడం? జారి మళ్ళీ పైకెళ్ళడానికి. తల్లి ఆమె ముఖంలోకి చూసి, మీ ఇద్దరికీ జోడు బాగానే కుదిరింది అని మూడో కోతిటోపీ కూడా పెట్టేసింది.

పెడనలో ఒక పెద్దావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. అచ్చులు వేసిన బట్టల మూట, దాని మీద చేతిసంచి, సంచిలోంచి పచ్చటి నాలికలా వేలాడుతున్న టేపు. ఆ టేపు చూడగానే నాగమల్లేశ్వరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. పిన్నిగారూ ఒక్కసారి అని అడిగి, వెన్ను కొలత కావాలండి అంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. బయట పండిన వరి, కోయించుకోవడానికి తయారుగా తలలు వాల్చుకుని. వరి వెన్నుని టేపుతో కొలుస్తారా ఈ మధ్య, వ్యవసాయం చదువుకున్నావా అమ్మా అని అడిగింది. కాదండి, మనిషి వెన్ను, మా ఆయనది, అనేసరికి ఆవిడ పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటూ టేపు విప్పింది. చొక్కా కుట్టిస్తావా అంటే సంచి అంది, సంచికి కొలతేమిటన్నా ఆవిడ చెయ్యి మాత్రం పని మానలేదు, చున్నీని మోకాళ్ళ మీద సాగదీసి ముడినుంచి ముడికి పరిచింది. పద్దెనిమిదిన్నర అంగుళాలు. సెంటీమీటర్లలో నలభై ఏడు. నలభై ఏడు! రెండు సైజుల్లోనూ పడే అంకె అదొక్కటే అన్నట్టు, అటు చిన్నదీ రమ్మంటోంది, ఇటు పెద్దదీ రమ్మంటోంది. పిన్నిగారు చున్నీ మడత పెట్టి ఇస్తూ, ఇంత చక్కగా కొలుచుకొచ్చావు, అబ్బాయి కదలకుండా నిలబడ్డాడే అంది. నాగమల్లేశ్వరి చెవులు వేడెక్కాయి. నిద్రపోతున్నాడండి అని మాత్రం చెప్పలేదు.

చిన్నదే తీసుకుంటే? వరుణ్‌కి హెల్మెట్ తగలడం చిరాకు. చిరాకైతే సంచి పక్కన పడేస్తాడు. వాడినవాళ్ళ రాతలన్నీ చదివింది. ఒకాయన బండరాయి మీద వెల్లకిలా పడ్డాడట, సంచి చిరిగిందట, తను లేచి దులుపుకుని మళ్ళీ తొక్కాడట. ఇంకొకాయన తనకి సరిపోయే సైజు కంటే చిన్నది కొని, కింద మూడు వేళ్ళ మేర వదిలేసినందుకు అక్కడే తగిలిందని రాశాడు. ఎక్కడో ఏ దేశంలోనో ఉన్న మనిషి మూడు వేళ్ళు. ఆ వాక్యం దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోతున్నాయి, రాత్రి కూడా అక్కడే ఆగాయి. వడ్లమన్నాడు ప్లాట్‌ఫారం మీద ఎవరో చెరుకుగడలు దించుతున్నారు, ఎండలో రైలుపెట్టె ఇనుము వాసన వేస్తోంది, ఆ వాసన వెనకే ఇంకో వాసన, తడిసిన గోనె వాసన, ఎక్కడినుంచి వస్తోందో ఆమెకి తెలుసు, ఇరవై ఏళ్ళ కిందటినుంచి.

నాన్న గోనె. బందరు రేవులో ఐసు ఫ్యాక్టరీ నుంచి పడవల దాకా ఐసు దిమ్మలు మోసేవాడు పోతయ్య. మనిషి పొడవులో సగం ఉండే దిమ్మ, పట్టుకుంటే జారేది, వదిలితే కాలు విరగ్గొట్టేది. దాన్ని వీపు మీదికి ఎక్కించుకునే ముందు వెన్ను మీద గోనె వేసుకునేవాళ్ళు మోతగాళ్ళు. ఊరికే వేసుకోవడం కాదు. పాత గోనెని మూడు మడతలు పెట్టి, పురికొసతో రెండు కుట్లు వేసి, నీళ్ళలో ముంచి పిండి, మెడ ఎముక నుంచి నడుం దాకా పరుచుకోవాలి. పొడి గోనె జారుతుంది, తడి గోనె ఒంటికి కరుచుకుంటుంది. వెడల్పు ఎంతున్నా పరవాలేదు, పొడవు మాత్రం వెన్నంత ఉండాలి. ఎవరి గోనె వాళ్ళది, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఫ్యాక్టరీ గోడకి వరసగా మేకులు, మేకులకి వరసగా గోనెలు, చూడ్డానికి మనుషులు స్నానానికి వెళ్తూ తమ వీపులు తగిలించి వెళ్ళినట్టు ఉండేది. బడి వదలగానే ఆమె అక్కడికే పరుగెత్తేది. దిమ్మలు పొడిచేచోట తెల్లటి ఐసుపొడి కుప్పలు, చెప్పులు విప్పి అందులో నిలబడితే అరికాళ్ళు మొద్దుబారి తర్వాత మండేవి, నాన్న గుప్పెడు పొడి తీసి ఆమె నెత్తిన చల్లేవాడు, అది చెంపల మీదుగా కరిగి మెడలోకి కారేది. ప్రపంచంలో మంచు అనేది ఒకటుందని, అది రేవులో చేపల పెట్టెల్లోకి వెళ్తుందని, దానికి కాస్త ఉప్పు వాసన ఉంటుందని తొమ్మిదేళ్ళ దాకా ఆమె నమ్మకం. ఆ రోజుల్ని ఎవరైనా వెనక్కిస్తానంటే, ఈ రైలు దిగి అలాగే వెళ్ళిపోయేది. కాదు కాదు, వరుణ్‌ని కూడా తీసుకునే వెళ్ళేది.

టీవీలో చూసింది ఒకసారి, తెల్లటి కొండ, పిల్లలు చెక్కల మీద కూర్చుని జర్రున జారుతున్నారు. మర్నాడు జెనిఫర్‌కి చెప్పింది. జెనిఫర్ పక్క బెంచీ స్నేహితురాలు, ఏది చెప్పినా పద అనే పిల్ల. ఆదివారం, ఫ్యాక్టరీ మూత, జెనిఫర్ చర్చి నుంచి తెల్లగౌనుతోనే వచ్చేసింది. దిమ్మలు జార్చే చెక్క వాలు ఉంది కదా, దాని మీద మిగిలిన ఐసుపొడి ఎత్తి పోశారు. కూర్చోవడానికి ఏదీ లేదు. మేకున నాన్న గోనె ఉంది. మొదటిసారి జారితే కడుపులో ఏదో ఎగిరి గొంతులోకి వచ్చింది, అంత ఆనందం మళ్ళీ పెళ్ళిలో తలంబ్రాలప్పుడే కలిగింది. ఆరోసారో ఏడోసారో చెక్కలో తేలిన మేకు గోనెని పట్టుకుంది. చివర జానెడు మేర చిరిగి వేలాడింది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. జెనిఫరే ముందు ఆలోచించింది, చిరిగినంత కోసేస్తే చిరిగినట్టు ఎవరికీ తెలియదని. చేపలు కోసే కత్తితో కోసేశారు, కోసిన చోట పోగులు లాగి పాతదిలా చేశారు, మళ్ళీ మేకుకి తగిలించారు. చిరుగు లేదు. గోనె మాత్రం పొట్టిదైంది. ఆ తెలివికి ఇద్దరూ ఎంత మురిసిపోయారో.

మంగళవారం మధ్యాహ్నం దిమ్మ జారి నాన్న నడుం మీద పడింది. సరిగ్గా నడుం మీద, గోనె ఆగిపోయినచోట. కౌతారం దాటుతుంటే రైలు పట్టాల మీద ఒక్క కుదుపు కుదిపింది, ఆమె చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి వెళ్ళి తన నడుం పట్టుకుంది. ఆ తర్వాత పోతయ్య దిమ్మలు మోయలేదు. నాలుగు నెలలు ఇంట్లో బోర్లా పడుకున్నాడు, తర్వాత కూర్చుని వలలు బాగుచేసే పనిలోకి మారాడు, ఇప్పటికీ వంగి చెప్పు తొడుక్కోవాలంటే గోడ పట్టుకుంటాడు. కానీ ఆ నాలుగు నెలలు! ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఏమిటంటే ఆ నాలుగు నెలలంత సంతోషంగా ఆమె ఎప్పుడూ లేదు. బడినుంచి రాగానే నాన్న ఇంట్లో ఉండేవాడు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి అమ్మ ఇచ్చేది, ఆమె నాన్న పక్కన చతికిలబడి మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో ఎముక మీద వేలు పెట్టి లెక్కపెట్టేది, పదిహేడు, పదిహేడో దాని దగ్గర వేలు తేలిగ్గా వెయ్యాలి. ఎక్కాలు కూడా అక్కడే అప్పజెప్పింది, ఒక్కో ఎముకకి ఒక్కో ఎక్కం. వీపంటే నాన్నదే ఆమెకి. సైకిలు వెనక కూర్చుని చెంప ఆనించినా, నూనె రాసినా. ఆ వీపుని పాడుచేసింది తనేనని తెలిసీ, ఆ వీపు పక్కన కూర్చోవడం అంత హాయిగా ఎలా ఉండేదో ఆమెకి ఈనాటికీ అర్థం కాలేదు. చెబుదామని ప్రతి రోజూ అనుకునేది. నూనె అయిపోయేది. రేపు అనుకునేది. అలా అనుకుంటూ ఇంటరు, డిగ్రీ, ఎమ్మెస్సీ, పెళ్ళి.

గుడ్లవల్లేరులో పెడన పిన్నిగారు దిగిపోతూ, సంచి కాస్త వదులుగానే ఉండనీ అమ్మా, మగవాళ్ళు పెళ్ళయ్యాక ఒళ్ళు చేస్తారు అని చెప్పి వెళ్ళింది. తెర మీద పదిహేడు నిమిషాలు. వరుణ్‌ని అడగొచ్చు, ఏదో ఒకటి తీసుకో మల్లీ అంటాడు. ఏదో ఒకటి కాదు బావా, అని మొదలుపెడితే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పాల్సింది ముందు అతనికి కాదు. వేలు ఎప్పుడు నొక్కిందో, అవతల రేవులో గాలి హోరు వినిపించింది, దాని వెనక నాన్న గొంతు, చేరావా అమ్మా అని.

"లేదు నాన్నా, ఇంకా రైల్లోనే. నీ ఐసు గోనె ఎట్లా కొలుచుకునేవాడివి?"

ఎందుకు అడుగుతోందో అడగలేదు పోతయ్య. పని గురించి అడిగితే ఆయన ఎప్పుడూ పని గురించే చెబుతాడు. "కొలిచేదేముంది. వంగి చూసుకోవాల. నిలబడితే ఒక పొడుగు, వంగితే మూడు వేళ్ళు పెరుగుద్ది వెన్ను. మోసేది వంగేగా."

వంగితే పెరుగుతుంది. ఆమె బోర్లా పడుకున్న మనిషిని కొలిచింది, నిద్రలో ఒంట్లో ఏ బరువూ లేని మనిషిని. సైకిలు మీద అతను ఎప్పుడూ ముందుకి వంగే ఉంటాడు, కరకట్ట దిగేటప్పుడు విల్లులా, ఆమె ఎన్నిసార్లు చూడలేదు. ఇక ఫోను పెట్టేయొచ్చు. జవాబు దొరికింది. కిటికీలోంచి వరి కుప్పలు, చేపల చెరువులు, కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి, నాన్న ఫోను ముందు తను పెట్టేయడు, కూతురు పెట్టేదాకా చెవి దగ్గరే ఉంచుకుంటాడు.

"నాన్నా, నీ గోనె చివర కోసేసింది నేనే. దాని మీద కూర్చుని జారాను. చిరిగింది. నీకు దెబ్బ తగిలే ముందు ఆదివారం."

గాలి హోరు. ఒక పడవ మోటారు దగ్గరికొచ్చి దూరంగా వెళ్ళింది.

"నువ్వా?" అన్నాడు పోతయ్య. "ఎలకలనుకున్నామే. ఇంట్లో వలలు కూడా కొరుకుతాయని మీ అమ్మ ఆ నల్లపిల్లిని తెచ్చిందిగా."

నల్లపిల్లి! పదకొండేళ్ళు ఆమె పక్కలో పడుకున్న పిల్లి. ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తుంటే ఆమె ముడుల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు కానీ నవ్వితే వచ్చే దగ్గు ఒకటి వినిపించింది. తర్వాత చాలా మామూలుగా చెప్పాడు, సోమవారం పనికి వెళ్ళలేదట, మంగళవారం ఆలస్యంగా వెళ్ళి వేసుకోగానే పొట్టిదైందని తెలిసిందట. వీపుకి తెలియదా మరి. అప్పటికే పడవవాళ్ళు కేకలేస్తున్నారట, సముద్రం పోటు తగ్గిపోతోందట, మిగిలింది ఆఖరి దిమ్మట.

"ఒక్క దిమ్మేగా అనుకున్నా. ఒక్కదానికి ఇంకో గోనె ఎవడు మడతేస్తాడులే అని. నీదేముంది అందులో, తొమ్మిదేళ్ళ పిల్లవి. తెలిసి తెలిసి ఎత్తుకుంది నేను." తర్వాత అడిగాడు, "కొనేది అబ్బాయికా?"

అబ్బాయికే, అంది.

"పొడుగుదే కొను. కొనడం కాదు, వేసుకునేదాకా చూసుకో. గోనెలు లేక కాదమ్మా నాకు తగిలింది." ఇంకేదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించాడు. "పిల్లి సంగతి మీ అమ్మకి చెప్పమాక."

నూజెళ్ళ దాటాక ఆమె పెద్ద సైజు మీద వేలు పెట్టింది. నాలుగు నిమిషాలుంది ఇంకా, హెల్మెట్ తగిలితే తగలనీ, తల దించుకుని తొక్కుతాడు, పెళ్ళయినవాడు కదా. శుక్రవారానికి వస్తుందని తెర మీద పచ్చ అక్షరాలు వచ్చాయి. ఇరవై ఏళ్ళు పదిహేడో ఎముక దగ్గర తేలిగ్గా ఉంచిన వేలు అక్కడినుంచి లేచినట్టుంది. తన తప్పు కాదని నాన్న అంటే ఆ బరువు పోతుందని అనుకునేది, అది పోలేదు, కొంచెం జరిగి పక్కన ఇంకొకదానికి చోటిచ్చింది. తెలిసి తెలిసి. ఒక్క దిమ్మేగా. మనిషి దెబ్బ తినేది గోనె లేక కాదు, ఆ "ఒక్కటేగా" దగ్గర. ఆ మాట ఆమె వరుణ్ నోట ఎన్నిసార్లు విందో లెక్కపెట్టబోయింది, అంతలో గుడివాడ ప్లాట్‌ఫారం వచ్చేసింది.

జనంలో అతని తల ముందు కనిపించింది, తర్వాత చెయ్యి ఊపుతూ మొత్తం మనిషి. ఆఫీసునుంచి నేరుగా వచ్చాడు, చొక్కాకి చేపల మేత వాసన, ఆ వాసన కూడా ఆమెకి ఎందుకో బాగుంటుంది. మూడు రోజులకే మూడేళ్ళయినట్టుందని చెబుతూ ఆమె భుజాల మీంచి సంచి లాక్కున్నాడు, అమ్మ పెట్టిన పచ్చళ్ళతో, కోతిటోపీలతో రాయిలా ఉన్న సంచి. లాక్కుని ఒక్క పట్టీ ఒక్క భుజానికి తగిలించుకుని, ఒళ్ళు పక్కకి వంగిపోతున్నా కబుర్లు చెబుతూ ముందుకి నడిచాడు. ఆమె నిలబడిపోయింది.

"రెండో పట్టీ కూడా వేసుకో బావా."

"సైకిళ్ళ స్టాండు దాకానేగా."

"వేసుకో."

వరుణ్ వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. ఏడ్చిందో నవ్విందో తెలియని ముఖం. సంచి కిందికి దించి, రెండు చేతులూ దూర్చి, ఒకసారి ఎగరేసి సర్దుకున్నాడు. ఆమె అతని వెనక నిలబడి, పట్టీలు రెండూ భుజాల మీద సమంగా దిగాయో లేదో చూసి, ఎడమదాన్ని కొంచెం బిగించి, అప్పుడు పక్కకొచ్చి నడిచింది.